తలకు చలువచేసే రుమాలు ఎవరి తలమీద ఉన్నది?

కాముని పున్నమి దగ్గరికొస్తే మన చెల్కల అంచున మోదుగులు ఎర్రగా విచ్చుకుంటాయి. ఆ పూలు ఏరి కుండలో ఉడకబెట్టి, ఆ రంగునీళ్ళు పిల్లల ఒంటిమీద, బట్టలమీద పోస్తారు. “ఎండకాలం ఒళ్ళు పేలకుంట ఉంటది బిడ్డా” అంటారు అవ్వలు. అమ్మవారు పోసినోళ్ళ పక్కమీద వేపరెమ్మలు పరిచి, పసుపునీళ్ళలో ముంచిన బట్ట కప్పటం, కాలు బెణికితే ఆముదపు ఆకు వెచ్చచేసి పాతగుడ్డతో కట్టటం మనందరికీ తెలిసినవే. బట్టకు మందు పట్టించి ఒంటికి చుట్టుకోవటం నల్లగొండ, పాలమూరు కూలిజనానికి కొత్తగా ఎవరో వచ్చి నేర్పవలసిన విద్య కాదు.

ఇప్పుడు అదే విద్య పట్నం దుకాణాల్లో అద్దాల వెనక కూర్చున్నది. కేరళలో బలరామపురం చేనేతవాళ్ళు పసుపు, వేప, తులసి వంటి మూలికల కషాయంలో నూలు ముంచి నేసే బట్టకు ‘ఆయుర్వస్త్రం’ అని పేరు. అది విదేశాలకు కూడా పోతున్నది. నేతన్నకు నాలుగు రూపాయలు ఎక్కువొస్తే మాకు సంతోషమే. కాని ఆ బట్ట కట్టుకుంటే కీళ్ళనొప్పులు పోతాయి, చక్కెరజబ్బు తగ్గుతుంది అని అమ్మేవాళ్ళు చెప్పే మాటలు మేము నమ్మం, మీరూ నమ్మకండి. పసుపురంగు ఎండకు ఆగదు, ఉతికినకొద్దీ వెలిసిపోతుంది. రంగే పోయిన బట్టలో మందు ఎంత మిగులుతుంది? జబ్బు చేస్తే దవాఖానాకే పోవాలి.

అట్లాగని అంతా వట్టిదే అని కొట్టిపారేయటమూ తప్పే. కరక్కాయను చూడండి. త్రిఫలాలలో అది ఒకటి. దగ్గొస్తే బుగ్గన పెట్టుకుంటాం. అదే కరక్కాయ కషాయంలో నూలు నానబెడితే దానిలోని వగరు నూలుకు పట్టి, తర్వాత వేసే పటిక, రంగు ఊడిపోకుండా పట్టుకుంటాయి. మందూ అదే, అద్దకానికి ఆధారమూ అదే. దాన్ని నల్లమల అడవిలో ఏరి తెచ్చే చెంచులకు దక్కే ధర ఎంతో, పట్నంలో ‘సహజ రంగుల’ చీర ధర ఎంతో పక్కపక్కన పెట్టి చూస్తే మిగతా కథ అర్థమవుతుంది.

మన జిల్లాల సొంత సంగతికొస్తాం. సంస్థాన్ నారాయణపురం మండలంలోని పుట్టపాక మొన్నటిదాకా నల్లగొండ జిల్లాలోదే. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు యాదాద్రి భువనగిరిలోకి పోయింది. అక్కడ నేసేది తేలియా రుమాలు. ఒకప్పుడు చీరాల దీనికి పెద్ద పేరు. అరబ్బు దేశాలకు ఓడల్లో పోయేది. ఇక్కడ పశులకాపర్లు, చేపలు పట్టేవాళ్ళు తలకు చుట్టుకునేవాళ్ళు.

దీని పనితనమంతా నూనెలో ఉన్నది. ఆముదపు కాయల పొట్టు కాల్చి, ఆ బూడిద నీళ్ళలో నానబెట్టి తేటనీరు తీస్తారు. అది చవుడు వంటి కారపు నీరు. దానిలో నూనె కలిపితే పాలలాగా తెల్లబడుతుంది. ఆ పాలలో నూలు ముంచి, పిసికి, ఎండలో ఆరబెట్టి, మళ్ళీ ముంచి, మళ్ళీ ఆరబెట్టి, ఇట్లా పదిహేను రోజులకు పైనే సాగుతుంది. అంతసేపు పట్టిన నూనె నూలును మెత్తబరుస్తుంది, ఎరుపు రంగును గట్టిగా పట్టి ఉంచుతుంది. ఆ ఎరుపు పూర్వం చిరివేరు వంటి వేళ్ళనుంచి వచ్చేది. 1868లో జర్మనీవాళ్ళు అలిజారిన్‌ను కృత్రిమంగా తయారుచేశారు, అప్పటినుంచి వేరు తవ్వేవాళ్ళ పని క్రమంగా పోయింది. నేసిన తర్వాత కూడా రుమాలులో నూనెవాసన ఉంటుంది. ఎండలో తలకు చలువ చేస్తుందని, దుమ్ము ఆపుతుందని కట్టినవాళ్ళ అనుభవం.

2011లో, 2013లో ఈ పుట్టపాక నేతగాళ్ళు గజం గోవర్ధన, గజం అంజయ్యలకు పద్మశ్రీలు వచ్చాయి. 2020లో తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అన్నీ మంచివే. కాని ఆ రుమాలు కట్టుకునే పశులకాపరి మాత్రం కనబడడు. పడుగు, పేక రెండూ కట్లు కట్టి అద్ది నేసే పని కాబట్టి దాని ధర మనకు అందేది కాదు. అది దుపట్టా అయింది, గోడకు వేలాడే బొమ్మ అయింది.

ఆముదం ఎవరిది? నల్లగొండ, పాలమూరు ఎర్రచెల్కలదే. గెలలు కోసి, ఎండబెట్టి, కొట్టి, చెరిగి చేతులు గీరుకుపోయినవి మన ఆడకూలీలవే. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక ఆ చెల్కల్లో చాలాభాగం పత్తి పాలయింది. పత్తితోపాటు ఇంకో ‘మందు’ వచ్చింది. మన భాషలో రోగం నయం చేసేదీ మందే, పురుగును చంపేదీ మందే. డబ్బా వీపున కట్టుకొని, లుంగీ ఎగ్గట్టి చేనంతా కొట్టే కూలివాని అంగీ నిలువునా మందుతో తడుస్తుంది. ఆ తడిబట్టతోనే పొద్దుగూకేదాకా ఉంటాడు. తలతిప్పుడు, వాంతులు, చూపు మసక. పట్నపోళ్ళు కొనుక్కునేది మందు బట్టే, మనవాడు తొడుక్కునేదీ మందు బట్టే.

ఇక ఎండ. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడగాడ్పులకు రెండువేలమందికి పైగా చనిపోయారు. చాలామంది పనికి పోక తప్పని కష్టజీవులు, ముసలివాళ్ళు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోతే కుటుంబానికి 4 లక్షలు అన్నది. చచ్చినంక ఇచ్చేది సరే, బతికుండగా తలమీదికి ఏమిస్తారు? ఉపాధిహామీ చట్టంలో తాగునీరు, నీడ, మందులపెట్టె ఉండాలని రాశారు. ఎన్ని పనులకాడ నీడ చూశామో మన సభ్యులు గుర్తుచేసుకోవాలి. 2017 నుంచి కొన్నేళ్ళు బతుకమ్మకు పంచిన చీరలు చాలావరకు సిరిసిల్ల మరమగ్గాలమీద నేసిన పాలిస్టరువి. అక్కడి కార్మికులకు పని దొరికింది, దాన్ని మేము తక్కువ చెయ్యం. కాని మే నెలలో పాలిస్టరు కట్టి గడ్డపార ఎత్తి చూడండి.

మేము అడిగేది పెద్దదేం కాదు. ఎండలో పనిచేసే ప్రతి కూలికీ ఏడాదికి రెండు మందపాటి నూలు తువ్వాళ్ళు, మగ్గం మీద నేసినవి, సంఘాల దగ్గర సర్కారు కొని ఇవ్వాలి.

ఈ లెక్క తెలుసుకుందామని పుట్టపాకలో ఒక ముసలి నేతన్న దగ్గర కూర్చున్నాం. డిజైను, కట్లు ఏమీలేని సాదా తువ్వాల, కాని నూనె పట్టించిన నూలుతో నేస్తే ఎంత పడుతుంది తాతా అని అడిగాం. ఆయన వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాడు. “కట్లు లేకుంటే అంత పనెక్కడిది? నూనె కాడనే దినాలు పడ్తయి. నూరు తువ్వాళ్ళ నూలు ఒక్కపారి నానేస్తే ఖర్చు తగ్గుతది. గని ఇప్పుడు ఆముదపు పొట్టు దొరుకుతలేదు. మీరు తెస్తరా?” అన్నాడు.

తెస్తమన్నాం.