‘నీటి నిల్వ’ - రెండు అర్థాలు: దౌల్తాబాద్ ప్రాంతంలో దోమకాటు వ్యాధులపై అవగాహన

వ్యాససంగ్రహం:
దోమకాటు వ్యాధుల నివారణ ప్రచారంలో తరచుగా వినిపించే వాక్యం ‘నీరు నిల్వ ఉండనీయకండి’. వానాధార సేద్యమే దిక్కైన దౌల్తాబాద్ వంటి ప్రాంతంలో నీటిని నిల్వ చేసుకోవడం గృహస్థు ముందుచూపు. ఈ రెండింటి మధ్య ఉన్న వైరుధ్యాన్ని, అది అవగాహన కార్యక్రమాలపై చూపే ప్రభావాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: దౌల్తాబాద్, డెంగీ, నీటి నిల్వ, గోలెం, పారిశుద్ధ్యం, ప్రచారభాష.

1. ఉపోద్ఘాతం:
దౌల్తాబాద్ మండలం 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్విభజనలో మహబూబ్‌నగర్ నుండి వికారాబాద్ జిల్లాలోకి వచ్చింది. కంది పండే మెట్టనేల ఇది. పక్కనే ఉన్న తాండూరు ప్రాంతం కందికి, నాపరాళ్లకు ప్రసిద్ధి. నీటి విలువ తెలిసిన ఇటువంటి చోట ఇంటి ముందు గోలెం, పెరట్లో హౌజు, పశువుల దగ్గర కుడితి తొట్టి నిండుగా ఉండటం ఇల్లాలి పనితనానికి గుర్తు. ఖాళీ బిందె ఎదురు రావడం అపశకునం, నిండు కుండ శుభం అని భావించే సమాజానికి నీరు పారబోయమని చెప్పడం చిన్న విషయం కాదు.

2. మూడు దోమలు, మూడు రకాల నీళ్లు:
దోమలన్నీ ఒకటి కావు. బోదకాలు వ్యాధిని వ్యాపింపజేసే క్యూలెక్స్ దోమ మోరీలలోని మురుగునీటిలో పెరుగుతుంది. రాత్రివేళ కుడుతుంది. మలేరియాను మోసే అనాఫిలిస్ దోమకు ఎక్కువగా తేటనీరు కావాలి. వాన నీరు నిలిచిన రాతి గనుల గుంతలు, పాత బావులు, నీటి ట్యాంకులు దానికి అనువైన తావులు. డెంగీ, చికున్‌గున్యాలను వ్యాపింపజేసే ఏడిస్ దోమ మాత్రం ప్రధానంగా మనిషి ఇంటినే నమ్ముకొని బతుకుతుంది. గోలెంలోని నీరు, కూలర్ అడుగు నీరు, పాత టైరులో చేరిన వాన నీరు, పూలకుండీ కింది పళ్లెం దానికి చాలు. అది పగటిపూట కుడుతుంది. సాధారణంగా ఎక్కువ దూరం ఎగరదు. కాబట్టి ఒక ఇంట్లో డెంగీ సోకితే, ఆ దోమ పుట్టిన పాత్ర ఆ ఇంట్లోనో పొరుగింట్లోనో ఉండే అవకాశమే ఎక్కువ.

ప్రచారం తడబడేది ఇక్కడే. ‘పరిసరాల పరిశుభ్రత’ అనగానే గ్రామస్థుల దృష్టి మోరీ వైపు వెళ్తుంది. మోరీ పంచాయతీది. దానిని శుభ్రం చేస్తే రాత్రి దోమల బాధ తగ్గుతుంది, కానీ డెంగీ తగ్గదు. ఫాగింగ్ పొగ కూడా ఎగిరే దోమలనే చంపుతుంది. నీటిలో మెలికలు తిరిగే పురుగులను అది తాకదు. ఆ సన్నటి పురుగే కొన్నాళ్లలో దోమ అవుతుందన్న సంగతి తెలిపితే సగం అవగాహన కలిగించినట్లే. దాన్ని మాటల్లో చెప్పడం కన్నా గాజు గ్లాసులో పట్టి చూపడం మేలు.

3. ‘నిల్వ’ - అర్థచ్ఛాయలు:
తెలుగులో ‘నిల్వ’ అనే పదానికి రెండు ముఖాలున్నాయి. ధాన్యపు నిల్వ, నిల్వ పచ్చడి, చేతిలో నిల్వ అన్నప్పుడు అది సంపద, భద్రత. నిల్వ నీరు అన్నప్పుడు పాచిపట్టిన, కదలని నీరు. గోడ మీది నినాదం రెండో అర్థాన్ని ఉద్దేశిస్తుంది. చదివే గృహిణికి ‘గుంతలో నిలిచిన నీరు’ అని అర్థమవుతుంది తప్ప, తాను పొద్దున్నే పట్టి పెట్టుకున్న తేటనీరు అందులోకి వస్తుందని తోచదు. తోచినా, దాన్ని పారబోయమనడం ఆమెకు అన్యాయంగానే కనిపిస్తుంది. లోపం వినేవారి అజ్ఞానంలో లేదు, వాక్య నిర్మాణంలో ఉంది. ‘గోలెం’, ‘హౌజు’, ‘కుడితి తొట్టి’ అని పాత్ర పేరు పెట్టి చెప్పినప్పుడే మాట ఇంట్లోకి వస్తుంది.

4. డ్రై డే - శుక్రవారం:
వారానికొకసారి పాత్రలు ఖాళీ చేసే ‘ఫ్రైడే డ్రైడే’ కార్యక్రమం శాస్త్రీయమైనదే. గుడ్డు దోమగా మారడానికి సాధారణంగా వారం నుండి పది రోజులు పడుతుంది. అంతలోపు నీరు వంపేస్తే చక్రం తెగుతుంది. అయితే ‘డ్రై డే’ అంటే జనానికి ముందుగా గుర్తుకు వచ్చేది మద్యం దుకాణాలు మూసే రోజు! ఇల్లు కడిగి, గడపకు పసుపు రాసే శుక్రవారం అలవాటు చాలా తెలుగు ఇళ్లలో ఎలాగూ ఉంది. ఆ పనికి గోలెం తోమడాన్ని జతచేయడం సులువు.

ఇక్కడ ‘తోమడం’ అన్నది ముఖ్యం. ఏడిస్ దోమ గుడ్లు నీటి అంచుకు కాస్త పైన పాత్ర గోడకు అంటుకొని ఉంటాయి. ఎండినా నెలల తరబడి చావవు. మళ్లీ నీరు తగలగానే పొదుగుతాయి. నీరు వంపి, తోమకుండా తిరిగి నింపితే దోమకు మేలు చేసినట్లే. అందుచేత నినాదం ‘గోలెం వంపుండ్రి, అంచులు తోముండ్రి, నింపుకొని మూతి కట్టుండ్రి’ అన్నట్లు ఉండాలి. ‘నింపుకొని’ అన్న మాట చేరితే పారబోతపై అభ్యంతరం తగ్గుతుంది. మూతి కట్టడానికి సందు లేకుండా బిగించిన పాత చీర ముక్క సరిపోతుంది. సగం తెరిచిన మూత సరిపోదు.

5. నీటి సరఫరా - బాధ్యత:
ఇంటి పాత్రలపై దృష్టి పెట్టడం కొత్త ఆలోచన కాదు. సికింద్రాబాద్‌లో 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించిన రోనాల్డ్ రాస్, తర్వాత దోమల నిర్మూలన దళాలను ఎలా ఏర్పరచాలో వివరిస్తూ 1902లో పుస్తకం ప్రచురించాడు. హవానా నగరంలో 1901లో విలియం గోర్గాస్ నీటి పాత్రలకు మూతలు తప్పనిసరి చేసి, దోమపిల్లలు కనబడిన ఇంటికి జరిమానా విధించి, ఏడిస్ దోమ మోసే పచ్చజ్వరాన్ని అణచగలిగాడు. అది సైనిక పాలనలో సాగిన పని. గ్రామ పంచాయతీకి ఆ దారి పనికిరాదు, ఆశా కార్యకర్త చేతిలో జరిమానా పుస్తకం పెడితే తలుపులు మూసుకుంటాయి.

పైగా నేరం ఇంటిది మాత్రమే కాదు. నల్లా నీరు ఎప్పుడు వస్తుందో తెలియని ఇంట్లో ఉన్న పాత్రలన్నీ నిండుతాయి. మిషన్ భగీరథ గ్రామాల్లో మనిషికి రోజుకు 100 లీటర్ల నీటిని లక్ష్యంగా పెట్టుకుంది. ఆ నీరు నియమిత వేళకు అందితే గోలేల సంఖ్య దానంతటదే తగ్గుతుంది. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ సమావేశంలో జ్వరాల లెక్కతో పాటు నల్లా వచ్చే వేళలు, పైపు లీకేజీలు, ఇంకుడు గుంతల స్థితి కూడా చర్చకు రావాలి. నీటి సరఫరా ఒక శాఖ పని, జ్వరం మరొక శాఖ పని అన్న విభజన కాగితం మీదిదే. దోమ ఆ హద్దును పాటించదు.