పిన్ని రాసిన కల్లు

అయిదో తరగతితో చదువు ఆపేసిన మా పిన్ని నిరుడు ఫోనులో మెసేజీలు రాయడం నేర్చుకుంది. ఓ రోజు మా ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో, "రేపు బాబాయికి కల్లు ఆపరేషను" అని పెట్టింది. ఇక చూడండి! ఒకరు ముంత తెమ్మన్నారు, ఒకరు చెట్టు బొమ్మ పెట్టారు. నేనేం తక్కువ తిన్నానా? "కల్లు కాదు పిన్నీ, కళ్ళు" అని దిద్దాను. ఏ కంటికి, తోడెవరు వెళ్తున్నారు అని ఒక్కరమూ అడగలేదు.

తప్పంతా పిన్నిదే అనడానికి లేదండీ. మనలో చాలామందిమి ఇంగ్లీషు అక్షరాలు నొక్కి తెలుగు మాట రప్పిస్తాం. అక్కడ లకూ ళకూ ఒకటే ఎల్, నకూ ణకూ ఒకటే ఎన్. ఏ మాటో ఫోనే ఊహించి చూపిస్తుంది. చత్వారం కళ్ళతో మనం మొదటిది నొక్కేస్తాం. పదో తరగతి పాసైన నా మెసేజీల్లోనూ వాళ్ళు 'వాల్లు' అయిపోతుంటారు.

మాత్ర పొద్దునా రాత్రా, డబ్బు పంపాల్సిన నంబరేది, ఇలాంటివాటిలో అనుమానమొస్తే అడిగి తీరాలి. అదీ నలుగురిలో కాదు, విడిగా ఫోను చేసి. సంగతి అర్థమైపోయాక దిద్దడం దేనికి?

మర్నాడు సాయంత్రం ఫోను చేస్తే, "కుడి కంటికేనే, బాగానే అయింది" అంది పిన్ని. గ్రూపులో మాత్రం అప్పట్నించీ దండం బొమ్మే పెడుతోంది.