బొటనవ్రేలి క్రింది నిందితుడు: మోటారు సైకిలు స్విచ్చిపై అపోహలు – వాస్తవాలు

మోటారు సైకిలు హ్యాండిలునకు ఎడమ ప్రక్క, బొటనవ్రేలికి అందునట్లు అమర్చిన చిన్న నల్లని డిప్పలో హారను మీట, ఇండికేటరు మీట, దీపమును ఎత్తి దించు డిప్పరు, ఎదుటివానికి ఒక మెఱుపు చూపు పాస్ మీట, ఇన్ని యవయవములు ఇరుకుగనైనను ఇమిడి యుండును. కుడి ప్రక్క డిప్పలో సెల్ఫు మీటయు, ఇంజనును ఉన్నపాటున ఆపు ఎఱ్ఱని కిల్ స్విచ్చియు కాపురముండును. వాహనమునందలి విద్యుత్పరికరములలో నడుపువాని చేయి నిత్యము తగులునవి ఇవియే గనుక, దీపము వెలుగకున్నను, కూత వినరాకున్నను, ఇంజను కదలకున్నను తొలి నింద వీనిమీదనే పడుచుండును. అత్తమీది కోపము దుత్తమీద చూపినట్లు, ఎక్కడనో తుప్పు పట్టిన తీగ చేసిన తప్పునకు చేతిక్రింది స్విచ్చి ఉద్యోగము పోగొట్టుకొనును.

ఇట్టి అన్యాయము ఈ వ్రాయువాని చేతను ఒకసారి జరిగినది. శ్రావణమాసపు ముసురులో ఒకనాటి ఉదయము బండి హారను మూగవోగా, వీధి చివరి మెకానిక్కు మీటను రెండుమారులు నొక్కి, చెవి యొగ్గి విని, "స్విచ్ పోయింది సార్, సెట్టు మార్చాల్సిందే" అని తీర్పు చెప్పెను. సెట్టు మారినది, డబ్బు మారినది, హారను మాత్రము మౌనవ్రతము వీడలేదు. గంటసేపు వెదకిన పిమ్మట తేలినదేమన, హారను వెనుక తగిలించు రేకు టెర్మినలు వదులై, తన స్థానమునుండి జారి, గాలిలో వ్రేలాడుచున్నది. ముక్కుపట్టకారుతో దానిని ఒక్క నొక్కు నొక్కి తగిలింపగనే వీధి యంతయు ఉలికిపడినది. నాటినుండి ఈ విషయమున లోకము నమ్ము మాటలను ఒక్కొక్కదానిని పరీక్షించి చూచుట నాకు వ్యసనమైనది.

"నొక్కితే పలకలేదంటే స్విచ్చే పోయింది"

అన్నిటికంటె బలమైన అపోహ యిది. బ్యాటరీనుండి బయలుదేరిన విద్యుత్తు ఫ్యూజును, తాళపు స్విచ్చిని దాటి, హారనులో ప్రవేశించి, అచ్చటనుండి మన మీటకు వచ్చి, మీట నొక్కినపుడు బండి చట్రమునకు, అనగా ఎర్తునకు చేరుట అనేక వాహనములలోని మార్గము. కొన్నింటిలో మీట హారనుకంటె ముందే యుండును. ఏ క్రమమైనను స్విచ్చి ఆ దారిలో ఒక మజిలీ మాత్రమే. కావున మొదట చెప్పిన క్రమము గల బండిలో తాళము తిప్పి, మొదట హారను వద్దనే టెస్టు ల్యాంపుతో చూడవలెను. రెండు తీగలలో ఒకదానియందు 12 వోల్టులు కనబడి, మీటవైపు పోవు రెండవ కొనను ఒక విడి తీగతో చట్రమునకు తాకింపగా హారను మ్రోగినచో, ఫ్యూజు, తాళము, హారను నిర్దోషులు. దోషము స్విచ్చియందో, దానికి పోవు తీగయందో యున్నది. అప్పుడును మ్రోగకున్నచో, పాపము, స్విచ్చి జోలికి పోనక్కరలేదు. ఈ పరీక్షలో ఏది ఏ తీగయో ముందే తెలిసికొనుట ముఖ్యము. విద్యుత్తున్న కొనను చట్రమునకు తాకించినవానికి వినబడునది హారను కూత కాదు, ఫ్యూజు ఎగిరిన నిశ్శబ్దము.

సెల్ఫు విషయమునను ఇదే పొరపాటు జరుగుచుండును. స్టార్టరు మోటారునకు కావలసిన పదుల ఆంపియర్ల ప్రవాహము ఆ చిన్న మీటగుండ పోవునని పలువురు తలంతురు. నిజమునకు మీట రిలేను నిద్రలేపుట మాత్రమే చేయును; భారమంతయు రిలే మోయును. నొక్కగనే "టక్" అను చప్పుడు వినబడి మోటారు తిరుగకున్నచో మీట తన పని తాను చేసినదనియే యర్థము. చూడవలసినది బ్యాటరీని, దాని టెర్మినళ్లను, రిలేను. ఆ టక్కు కూడ లేనిచో క్లచ్చి పిడి మూలనున్న బుల్లి స్విచ్చిని, న్యూట్రలు దీపమును చూచి, ఆ తరువాత మీటను శంకింపవచ్చును. ఇక ఇండికేటరు ఒక ప్రక్క మాత్రమే తొందర తొందరగా కొట్టుకొనుచున్నచో, బల్బుల బండ్లలో అది సామాన్యముగ ఆ ప్రక్కనున్న బల్బు ఆరిపోయినదని చెప్పు సంకేతమే.

"మీటరు కూసింది కాబట్టి స్విచ్చి మంచిదే"

ఇది కొంత విద్య నేర్చినవారి అపోహ. హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీలో ఒక మల్టీమీటరు కొని తెచ్చుకొన్న నాడు నేనును ఈ గుంపులోనే చేరితిని. మీటరు "కీ" మని కూసినదనగా రెండు కొనల నడుమ దారి కలదని తెలియును గాని, ఆ దారి రాజమార్గమో కాలిబాటయో తెలియదు. చాల మీటర్లు కొన్ని పదుల ఓముల నిరోధమున్నను కూయుచునే యుండును. పైగా పరీక్షకై అవి పంపు ప్రవాహము మిల్లీ ఆంపియర్లలో నుండును. తీగలో పదునారు పోగులు తెగి ఒకే పోగు మిగిలినను వాని దృష్టిలో అది అఖండమైన తీగయే.

డిప్పను విప్పి చూచినవారికి ఇందలి రహస్యము కంటబడును. లోపల రెండు మూడు ఇత్తడి బొడిపెలు, వానిమీద జారు ఒక రాగి రేకు, రేకును అదిమి పట్టు ఒక స్ప్రింగు, మీట నిలుచు చోట నిలుచునట్లు చేయు ఆవగింజకు అన్నవంటి ఉక్కు గుండు, ఇంతియే దాని సంసారము. నొక్కి వదలినప్పుడెల్ల సన్నని నిప్పురవ్వ పుట్టి లోహపు ముఖమును కాల్చును. వానచెమ్మ చేరి దానిపై నల్లని పొరను పట్టించును. మన మెకానిక్కులు దీనినే "కార్బన్ పట్టింది" అందురు. అది చాలవఱకు కార్బను కాదు, లోహపు చిలుమే. ఆ పొర అర ఓము నిరోధము కలిగించినదనుకొందము. మీటరు దానిని లెక్కచేయదు. కాని 12 వోల్టుల 35 వాట్ల హాలోజను దీపము వెలుగవలసివచ్చినపుడు దాదాపు మూడు ఆంపియర్లు అటే పోవలెను గదా; అప్పుడు ఆ పొరయొద్దనే వోల్టునకు పైగా హరించి, దీపపు వెలుగులో సుమారు మూడవ వంతు తగ్గి, కందిగింజంత చోట మూడు వాట్లకు మించిన వేడి పుట్టును. డిప్ప మెత్తబడి, మీట బిగుసుకొనుటకు ఆ వేడియే కారణము.

కావున పరీక్షింపవలసినది పని లేనపుడు కాదు, పని జరుగుచున్నపుడు. దీపము వెలిగించి, మీటరును 20 వోల్టుల డీసీ మెట్టున నుంచి, స్విచ్చిలోనికి వచ్చు తీగ వద్ద ఒక మొనను, బయటికి పోవు తీగ వద్ద రెండవ మొనను ఆనింపవలెను. అచ్చట కనబడు అంకె స్విచ్చి దిగమ్రింగుచున్న వోల్టేజి. 0.2 వోల్టులకు లోపైన దానికి పేరు పెట్టనక్కరలేదు. అర వోల్టు దాటినచో లోన చిలుము పట్టినదని నిశ్చయింపవచ్చును. అయితే కొన్ని పాత బండ్లలో పెద్ద దీపము బ్యాటరీతో గాక ఇంజను త్రిప్పు ఆల్టర్నేటరునుండి నేరుగ ఏసీతో వెలుగును. అట్టివానిలో ఇంజను నెమ్మదించినపుడు దీపము క్రుంగుట స్వభావమే గాని వ్యాధి కాదు. మీటరు మెట్టును కూడ ఏసీకి మార్చుకొనవలెను.

"కాస్త స్ప్రే కొడితే చాలు"

డబ్ల్యూడీ-40 అను డబ్బా ప్రతి గ్యారేజిలోను సంజీవనివలె వెలసియున్నది. 1953లో అమెరికాలో పుట్టిన ఆ ద్రవ్యపు పేరులోనే దాని వృత్తి చెప్పబడియున్నది: నీటిని తొలగించుటకై చేసిన నలువదియవ ప్రయత్నమని దాని భావము. వానలో తడిసిన స్విచ్చినుండి చెమ్మను తఱుముటకు అది మంచిదే. కాని అది వెనుక విడిచిపోవు నూనెపొరపై మన రోడ్ల దుమ్ము ప్రీతితో వచ్చి చేరును. కిరసనాయిలు, పెట్రోలు పోయువారు మరింత సాహసికులు. ప్లాస్టికు పెళుసెక్కుట అటుంచి, నిప్పురవ్వ పుట్టు చోట పెట్రోలు పోయుట ఎంతటి వివేకమో వారే యోచింపవలెను. ఎలక్ట్రికలు కాంటాక్టు క్లీనరు అను పేరుతో, ఏ పొరయు మిగుల్పక ఆవిరియగు ద్రవము వేరుగ దొరకును. దానితో కడిగి, పెన్సిలు రబ్బరుతో బొడిపెలను రుద్ది, వ్యాజలైనును వ్రేలికొనకు అంటీ అంటనట్లు పూసినచో సగము స్విచ్చులు బ్రతికి బట్టకట్టును. ఉప్పుకాగితముతో గీకుట తగదు. పైపూత పోయినచో చిలుము ఇదివఱకటికంటె వేగముగ పట్టును. విప్పునపుడు క్రింద తెల్లని గుడ్డ పరచుట మఱవరాదు. ఆ ఉక్కు గుండు ఎగిరి పడినచో వెదకుట ఇంటిల్లిపాదికి పని యగును.

"తీగలు ఎక్కడ తెగుతాయండీ?"

మెడ దగ్గర తెగును. హ్యాండిలు తిరిగినప్పుడెల్ల స్టీరింగు మూలవద్ద తీగలకట్ట వంగుచు, లేచుచు, కొన్నియేండ్లకు పైతొడుగు చెక్కుచెదరకయే లోని రాగి తెగిపోవును. ఎడమకు త్రిప్పగా పలికి, కుడికి త్రిప్పగా మూగయగు హారను ఈ జబ్బుతోనే బాధపడుచుండును. కొత్త స్విచ్చి కొనక మునుపు హ్యాండిలును ఆ కొసనుండి ఈ కొసకు త్రిప్పుచు మీట నొక్కి చూచుటకు కానీ ఖర్చు లేదు.

"పెద్ద బల్బు పెడితే వెలుగేగాని నష్టమేముంది?"

నష్టము లెక్కలోనే కలదు. 35 వాట్లకు మూడు ఆంపియర్లు చాలినచోట, 100 వాట్లకు ఎనిమిదికి పైగా కావలెను. కంపెనీవారు మూడింటికై చేసిన బొడిపెలపై ఎనిమిదింటిని తోలినచో, మొదట ఫ్యూజు పోవును. ఫ్యూజును పెద్దది చేసినచో స్విచ్చి పోవును. దానిని మార్చినచో తీగలే కాలును. కొందఱు ఫ్యూజు చోట సిగరెట్టు పెట్టెలోని తళుకుకాగితము చుట్టుట నేను కన్నులార చూచితిని. అట్టి బండి ప్రక్కన నా బండి నిలుపుటకే నాకు మనసొప్పదు. అంత వెలుగు కావలసినవారు వేరుగ రిలేయు, మందమైన తీగయు, దానికి తగిన ఫ్యూజును వేసికొని, స్విచ్చిని రిలేకు సైగ చేయు పనికే నియోగింపవలెను.

పగలు దీపము ఆరదేమని స్విచ్చిని తప్పుపట్టు వారును కలరు. 2017 ఏప్రిల్ 1 నుండి మన దేశమున కొత్త ద్విచక్రవాహనములకు ఇంజను నడుచునంతవఱకు దీపము తనంత తానే వెలుగవలెనను నిబంధన వచ్చి, దానిని ఆర్పు మీటయే తొలగింపబడినది. ఇక కిల్ స్విచ్చితో బండిని ఆపినచో ఇంజను చెడునను భయము నిరాధారము. తాళమువలెనే అదియు నిప్పురవ్వను ఆపును. తాళము తీయుట మఱచి పోవుటయే అందలి చిక్కు. సాయంకాలమునకు బ్యాటరీ సొమ్మసిల్లును. పెండ్లివారింటి ముందు నిలిపిన బండి కదలనిచో మెకానిక్కును పిలుచుటకు ముందు, ఏ పసివాడైన ఆ ఎఱ్ఱ మీటను ముద్దుగ నొక్కిపోయెనేమో చూచుట మేలు.

"కప్లరు పట్టిందంటే సరిపోయినట్లే"

అన్నియు చూచిన పిదప నిజముగనే స్విచ్చి పోయినదని తేలినచో మార్చవలసినదే. తీగలను కలుపు కప్లరు ఆకారము ఒకటైనంతమాత్రాన లోని తీగల వరుస ఒకటి కానక్కరలేదు; తీగల రంగులును అన్ని కంపెనీలకు ఒకటి కావు. హోండా బండ్లలో ఎర్తు తీగ పచ్చది, యమహాలో నల్లది. రంగుకు రంగు కలిపి ముడివేయువాడు ఒక కంపెనీ భాషను మఱియొక కంపెనీ నిఘంటువుతో చదివినవాడగును.

మొదట బ్యాటరీ నెగెటివు కొనను విప్పి, తీగలు పోయిన దారిని ఫోటో తీసికొని, అప్పుడు పాతదానిని తీయవలెను. డిప్ప లోపల సాధారణముగ ఒక చిన్న మేకువంటి బొడిపె యుండి హ్యాండిలు గొట్టమునకు వేసిన రంధ్రములో కూర్చుండును. స్విచ్చి గిరగిర తిరుగకుండ కాపాడునది అదియే. లోకల్ సామాను సరిగా కూర్చుండలేదని దానిని ఆకురాయితో అరగదీయుట చూచితిని. మఱునాటినుండి హారను నొక్కబోయిన వ్రేలికి ఇండికేటరు తగులుచుండెను. కుడి ప్రక్కదానిని మార్చినపుడు యాక్సిలరేటరు కేబులును కదలును గనుక, ఇంజను నడుచుచుండగా హ్యాండిలును రెండు కొసలకు త్రిప్పి, వేగము దానంతట పెరుగుట లేదని, పిడి వదలగనే వెనుకకు వచ్చుచున్నదని చూడక రోడ్డెక్కరాదు.

నాడు నిష్కారణముగ పదవీచ్యుతమైన నా పాత స్విచ్చి చాలకాలము బల్లసొరుగులో పడియుండెను. మొన్న మా మేనల్లుడు వచ్చి, "మామయ్యా, ఇండికేటరు వేస్తే నిలబడటం లేదు, సెట్టు మార్చమంటున్నారు" అనెను. వాని బండియు అదే రకము. వరండాలో తెల్లగుడ్డ పరచి విప్పగా, వాని స్విచ్చిలో స్ప్రింగు తుప్పుపట్టి రెండు తునుకలై యున్నది. సొరుగులోనిదానిని తెచ్చి, దాని స్ప్రింగును ఉక్కు గుండును తీసి ఇందులో అమర్చితిని. వాడు మీటను ఎడమకు త్రోసెను, అది నిలిచినది.