ఫ్లాష్ కొడితే ముడత మాయం!

బొల్లాపల్లి: మిరప ఆకు ముడుచుకోగానే ఫోన్ తీసి ఫొటో కొట్టి, వ్యవసాయ సహాయకునికో, వినుకొండ మందుల కొట్టుకో పంపడం ఇప్పుడు మామూలైంది. పగలంతా చేలో పనితో సరిపోయి, పొద్దుగూకాక ఇంటికి తెచ్చిన కొమ్మను అరుగు మీద పెట్టి ఫ్లాష్ కొట్టేవారూ ఉన్నారు. అవతలివారికి చేరేది తెల్లగా మెరిసే ఒక పచ్చటి మచ్చ. దాన్ని చూసి మందు చెప్పడమంటే చీకట్లో రాయి విసరడమే.

నష్టం చిన్నది కాదు. తామర పురుగు రసం పీలిస్తే ఆకు అంచులు పైకి లేచి దొన్నెలా అవుతుంది. అది పైముడత. తెల్లనల్లి పడితే అంచులు కిందికి వంగి, బోర్లించిన పడవలా ఉంటుంది, కాడ సాగుతుంది. అది కింది ముడత. ఒకటి పురుగు, రెండోది నల్లి. ఒకదానికి కొట్టే మందు చాలాసార్లు రెండోదానికి పారదు. డబ్బాలకు పెట్టిన డబ్బూ, కూలీ వృథా, పైగా వారం రోజుల అదను పోతుంది. ఇక తెల్లదోమ తెచ్చే జెమినీ వైరస్ సోకిన మొక్కకు మందే లేదు, పీకి తగలబెట్టాల్సిందే.

అంచు ఎటు తిరిగిందో ఫొటోలో చెప్పేది నీడ. దున్నిన చేలో మిట్టమధ్యాహ్నం చాళ్లు సరిగా తెలియవు. పొద్దు వాలిందంటే ఒక్కో చాలూ లెక్కపెట్టవచ్చు. ఆకూ అంతే. ఫోనులో ఫ్లాష్ కెమెరా కన్ను పక్కనే ఉంటుంది గనుక వెలుతురు ఎదురుగా పడి, నీడ ఆకు వెనక్కి పోతుంది. ముడత ఉన్నా చదునుగా కనబడుతుంది. పెళ్లి ఫొటోలో పెళ్లికూతురు ముఖం పిండి పూసినట్లు, వెనక గోడ మీద నల్లటి నీడతో వచ్చిందంటే కారణం ఇదే. స్టూడియోవారు లైటుకు గొడుగు తగిలించి పక్కన నిలబెట్టేది అలంకారానికి కాదు.

కాబట్టి ఫ్లాష్ ఆపి, ఉదయం ఎనిమిదింటికో సాయంత్రం నాలుగున్నరకో, ఎండ పక్కనుంచి పడేలా నిలబడాలి. ఫోను ఆకు అంచుకు సమానంగా దించాలి. పైనుంచి తీస్తే లాభం లేదు. ఈనెల మధ్య పసుపు చూపాలంటే మాత్రం ఆకును ఎండకు అడ్డుపెట్టి తీయాలి. మధ్యాహ్నం తప్పకపోతే తువ్వాలు నీడ చాలు.

రాత్రి అయితే ఇంకొకరి చేత టార్చి పక్కగా, మూరెడు దూరంలో పట్టించి, దానికి పలుచని తెల్లగుడ్డ చుట్టాలి. దూరం రెండింతలైతే వెలుతురు నాలుగో వంతుకు తగ్గుతుంది. అందుకే మరీ దగ్గర పెడితే ఆకు తెల్లబోతుంది. రెండోవైపు తెల్లకాగితం పెడితే నీడ మరీ నల్లబడదు.

2021లో ఉమ్మడి గుంటూరు జిల్లా మిరపను ముంచిన నల్ల తామర పురుగు పూలలో దాగుతుంది. ఆగ్నేయాసియాకు చెందిన ఈ పురుగు మన దేశంలో తొలిసారి 2015లో బెంగళూరు బొప్పాయి తోటల్లో కనబడింది. పువ్వును తెల్లకాగితం మీద తట్టి, రాలిన పురుగులను పక్క వెలుతురులో తీస్తే స్పష్టంగా వస్తాయి.

తెల్లనల్లి మాత్రం ఏ వెలుతురులోనూ ఫోనుకు చిక్కదు. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం కావాలి. అనుమానముంటే కొమ్మనే కవరులో పెట్టి రైతు సేవా కేంద్రానికి తీసుకుపోవాలి.