రెక్కల కష్టంతో పాటు లెక్క కూడా ఉండాలి

తెల్లవారుజామున నాలుగు గంటలకు విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర నిలబడితే బందరు రోడ్డు మీదుగా ఒక్కొక్క ఆటోనే రావడం కనిపిస్తుంది. పెనమలూరు, కంకిపాడు వైపు నుంచి బీర, దొండ, గోంగూర మూటలతో రైతులు దిగుతారు. దగ్గర్లోనే పటమట రైతు బజారు. 1999 జనవరిలో రైతు బజార్లు మొదలైనప్పటి నుంచీ, కార్డు ఉన్న రైతు దళారీ లేకుండా అక్కడ తన సరుకు తానే అమ్ముకోవచ్చు. ధర టోకు కంటే ఎక్కువగా, బయటి చిల్లర కంటే తక్కువగా ఉంటుంది. మంచిదే. కానీ ఇంత కష్టపడి వచ్చిన రైతుకు మిగిలింది ఎంత?

ఒక రైతు 60 కిలోల బీరకాయ తెచ్చాడనుకుందాం. పొలం దగ్గర ఇచ్చేదానికంటే బజారులో కిలోకు 8 రూపాయలు ఎక్కువ వచ్చింది. అంటే 480 రూపాయలు. ఒక్కడే ఆటో మాట్లాడుకుంటే 400 పోయింది. మిగిలింది 80. దాని కోసం రాత్రి నిద్ర, మధ్యాహ్నం వరకు పని పోయాయి. అదే ముగ్గురు కలిసి ఒక ఆటోలో వస్తే మనిషికి 133 ఖర్చు, 347 మిగులు. కష్టం ఒక్కటే, సరుకు ఒక్కటే. మారింది ఆటో లెక్క మాత్రమే.

ఈ రాసేవాడి ఇంట్లో కూడా ఈ తప్పు జరిగేది. మా నాన్నగారు ఎరువు, పురుగుమందు, కూలీల ఖర్చు అణాపైసలతో రాసేవారు. అమ్మ, అన్నయ్య, తను చేసిన పనికి మాత్రం ఏమీ రాసేవారు కాదు. "ఇంటి మనుషులమేగా" అనేవారు. మద్దతు ధర సిఫార్సు చేసే వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ కూడా కుటుంబ శ్రమకు విలువ కడుతుంది. మనమే మనకు సున్నా వేసుకుంటే ఏ పని గిట్టుతుందో, ఏది గిట్టదో ఎప్పటికీ తెలియదు.

ఇది అన్నిటికంటే ఎక్కువగా కనబడేది వరి కోతల్లో. కోత యంత్రం వచ్చాక ధాన్యం పచ్చిగా బయటకు వస్తోంది. యంత్రం పొలంలో ఉండగానే వ్యాపారి వస్తాడు, గింజ కొరికి చూస్తాడు, బస్తాకు ఇన్ని కిలోలు తరుగు అంటాడు. రైతు రెండు పనుల్లో ఒకటి చేస్తాడు. భయపడి అక్కడికక్కడే ఇచ్చేస్తాడు, లేదా పంతం పట్టి రోడ్డు మీద పోసి నాలుగు రోజులు ఎండబెడతాడు. రెండిటిలోనూ నష్టపోవచ్చు.

కొనుగోలు కేంద్రంలో ధాన్యానికి తేమ 17 శాతం దాటకూడదు. 2025-26 సీజన్‌కు సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. 75 కిలోల బస్తాకు 1,777 రూపాయలన్న మాట. ఇక పచ్చి బస్తా ఆరితే ఎంత తూగుతుందో లెక్క చూడండి. 100లోంచి తేమ శాతం తీసేయాలి. వచ్చినదాన్ని 75తో గుణించి 83తో భాగించాలి. తేమ 22 శాతం ఉంటే 78ని 75తో గుణించి 83తో భాగిస్తే సుమారు 70.5 కిలోలు. అంటే న్యాయంగా పోయే తరుగు నాలుగున్నర కిలోలు. ఆ 70.5 కిలోలకు మద్దతు ధర 1,670 రూపాయలు. తేమ 20 శాతమైతే 72.3 కిలోలు, 1,713 రూపాయలు. 24 అయితే 68.7 కిలోలు, 1,627 రూపాయలు.

ఇందులోంచి ఆరబెట్టే ఖర్చు తీసేయాలి. ఎకరాకు 30 బస్తాలు, ఇద్దరు మనుషులు రెండు రోజులు, మనిషికి రోజుకు 500, పట్టాల అద్దె 500 అనుకుంటే మొత్తం 2,500. బస్తాకు 83. అప్పుడు 22 శాతం తేమ ఉన్న బస్తా అసలు విలువ 1,587 రూపాయలు. ఇంటి మనుషులు ఆరబెట్టినా ఆ 500 వేసుకోవాల్సిందే. వ్యాపారి తరుగు తీశాక కూడా బస్తాకు చేతికి 1,587 కంటే ఎక్కువ వస్తుంటే కల్లంలోనే ఇచ్చేయడం నయం. 1,450 అంటే మాత్రం పట్టాలు పరవాల్సిందే. ఎకరాకు నాలుగు వేలకు పైగా తేడా. కౌలు బస్తాలు కొలిచాక మిగిలేదే తన సొంతమైన కౌలు రైతుకు ఆ నాలుగు వేలు చిన్న మొత్తం కాదు. మీ ఊరి కూలి, అద్దె, ఆ ఏటి మద్దతు ధర వేసుకుని ఈ లెక్క కట్టుకోండి. హమాలీ, రవాణా, గోనె సంచులు ఎవరివో కూడా ముందే అడగాలి.

తేమ ఎంతో తెలియకుండా బేరం చేయకూడదు. కొరికి చూసిన మాట లెక్కకు పనికిరాదు. రాశి పైన, మధ్యన, అడుగున తీసిన గింజలు కలిపి రైతు సేవా కేంద్రంలో తేమ యంత్రం మీద చూపించుకోండి. పైన ఎండిన గింజ ఒక్కటే పట్టుకెళితే మిల్లు దగ్గర అంకె వేరే వస్తుంది, గొడవ అక్కడే మొదలవుతుంది.

చాలామంది గమనించని సంగతి ఇంకొకటుంది. 17 దగ్గర ఆపకుండా 14 శాతం దాకా ఎండబెడితే అదే బస్తా 68 కిలోలకు దిగుతుంది. కేంద్రంలో ధర మాత్రం పెరగదు. బస్తాకు 58 రూపాయలు ఎండకు ఇచ్చేసినట్టు, పైగా ఒక రోజు కూలి అదనం. దాచుకునే ధాన్యం, విత్తనం సంగతి వేరు. వాటిని బాగా ఎండబెట్టకపోతే బూజు, పురుగు పడతాయి. అమ్మే సరుకుకు మాత్రం ఇది ఒట్టి చాకిరీ.

వాన భయం లెక్కలోకి రాదా అని అడుగుతారు. వస్తుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుఫానుకు డెల్టాలో కళ్లాల మీది ధాన్యం, చేలోని వరి కూడా తడిసిపోయాయి. వాతావరణ శాఖ బంగాళాఖాతంలో అల్పపీడనం అందంటే నా మాట వినండి, బస్తాకు యాభై తగ్గినా ఇచ్చేయండి. మొలకెత్తిన గింజకు బేరమే ఉండదు. కోతకు ముందు మూడు రోజుల సూచన చూసుకుని యంత్రం మాట్లాడుకుంటే ఈ చిక్కు సగం తగ్గుతుంది.

ఇంత లెక్క కట్టినా, ఈ-పంటలో పేరు లేకపోతే కొనుగోలు కేంద్రానికి దారి ఉండదు. అప్పుడు వ్యాపారి చెప్పిందే ధర. పంట చేలో ఉండగానే సర్వే నంబరు, విస్తీర్ణం, రకం సరిగా ఎక్కాయో లేదో రైతు సేవా కేంద్రంలో చూసుకోవాలి. కౌలుకు చేసేవారు సాగుదారుగా తమ పేరే ఉందా అని మరీ అడగాలి. కోతల రోజున తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు.