ఫోన్‌కు ఛార్జింగ్ ఎక్కడం లేదా? ముందుగా కేబుల్‌ను చూడండి

ఇప్పుడు సెల్‌ఫోన్ కూడా రైతుకు ఒక వ్యవసాయ పనిముట్టే. పీఎం కిసాన్ ఈ-కేవైసీకి ఓటీపీ వచ్చేది ఫోన్‌కే. 2025-26 సీజన్ నుంచి సీసీఐ కేంద్రంలో పత్తి అమ్మాలంటే 'కపాస్ కిసాన్' యాప్‌లో ముందుగా స్లాట్ బుక్ చేసుకోవాల్సి వచ్చింది. బోరు మోటారును ఇంటి నుంచే ఆన్, ఆఫ్ చేసే మొబైల్ స్టార్టర్లు చాలా చేలల్లో ఉన్నాయి. పిడుగుల గురించి హెచ్చరించే 'దామిని', వాతావరణ సూచనలిచ్చే 'మేఘదూత్' కూడా ఫోన్‌లోనే. శంషాబాద్ చుట్టుపక్కల కూరగాయలు, పూలు పండించే రైతులు తెల్లవారుజామున సరుకు ఎక్కించే ముందు మార్కెట్ ధర కనుక్కునేది ఫోన్‌లోనే.

అటువంటి ఫోన్ అవసరానికి స్విచ్ఛాఫ్ అయితే నష్టం చిన్నది కాదు. పొడవు పింజ పత్తికి 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. స్లాట్ దొరకక సరుకును బయట తక్కువకు అమ్ముకుంటే, క్వింటాలుకు పోయే డబ్బుతో ఎన్ని మంచి కేబుళ్లు వస్తాయో మీరే లెక్క వేసుకోండి.

రాత్రంతా ఛార్జింగ్ పెట్టినా ఫోన్ నిండకపోతే చాలామంది బ్యాటరీ పోయిందనుకుంటారు. కొందరు ఫోన్‌నే మార్చేస్తారు. చాలాసార్లు లోపం అక్కడ ఉండదు. నాసిరకం కేబుల్‌లోనో, ఫోన్ రంధ్రంలో చేరిన మట్టిలోనో, గోడ ప్లగ్గులోనో ఉంటుంది. పైసా ఖర్చు లేకుండా ఇంట్లోనే దీన్ని తేల్చుకోవచ్చు.

కేబుల్ అంటే డ్రిప్ పైపు లాంటిదే

డ్రిప్ వేసిన రైతుకు ఇది వెంటనే అర్థమవుతుంది. సన్నటి లేటరల్ పైపును మరీ పొడవుగా లాగితే చివరి మొక్కకు నీరు సరిగా అందదు. మోటారు బాగానే ఉంటుంది, ట్యాంకులో నీళ్లూ ఉంటాయి. పైపులోనే ఒత్తిడి పడిపోతుంది. కేబుల్‌లోనూ ఇదే జరుగుతుంది. ఇక్కడ వోల్టేజీ నీటి ఒత్తిడి లాంటిది, ఆంపియర్లు నీటి ప్రవాహం లాంటివి.

మామూలు ఛార్జర్ 5 వోల్టులు ఇస్తుంది. మీటరు పొడవున్న కేబుల్‌లో రాగి తీగలు వెంట్రుకల్లా సన్నగా ఉంటే, 2 ఆంపియర్లు పారేటప్పుడు దారిలోనే సుమారు 0.8 వోల్టు పోతుంది. ఫోన్‌కు చేరేది 4.2 వోల్టులే. అంత తక్కువ వోల్టేజీ చూసి ఫోన్ తానే కరెంటు తీసుకోవడం తగ్గించేస్తుంది. అదే పొడవులో మందమైన తీగలుంటే పోయేది సుమారు 0.3 వోల్టు. అదే సన్నటి తీగతో 2 మీటర్ల కేబుల్ కొంటే నష్టం రెట్టింపవుతుంది. పైన ప్లాస్టిక్ లావుగా ఉన్నంత మాత్రాన లోపల రాగి ఎక్కువ ఉందని అనుకోవద్దు.

మామూలు యూఎస్‌బీ కేబుల్‌లో కరెంటు తీగలు రెండు, సమాచారం మోసే తీగలు రెండు ఉంటాయి. ఎంత కరెంటు తీసుకోవచ్చో ఫోన్ తెలుసుకునేది ఈ సమాచారం తీగల ద్వారానే. అవి తెగినా, చవక కోసం అసలు పెట్టకపోయినా ఫోన్ జాగ్రత్తపడి చాలా తక్కువ కరెంటుతో సరిపెట్టుకుంటుంది. అందుకే తెరపై ఛార్జింగ్ గుర్తు కనిపిస్తున్నా శాతం మాత్రం కదలదు.

సి-టైప్ కేబుల్‌లో మరో చిన్న భాగం ఉంటుంది. దాని విలువ తప్పుగా పెడితే, ఛార్జర్ తట్టుకోలేనంత కరెంటును ఫోన్ అడిగే ప్రమాదం ఉంది. గూగుల్ ఇంజినీరు బెన్సన్ లియుంగ్ 2015లో ఆన్‌లైన్‌లో అమ్మే సి-టైప్ కేబుళ్లను ఒక్కొక్కటిగా పరీక్షించి, వాటిలో చాలా నిబంధనలకు తగినట్లు లేవని చూపించారు. 2016 ఫిబ్రవరిలో తప్పుగా కలిపిన ఒక కేబుల్ వల్ల ఆయన ల్యాప్‌టాప్ పాడైంది. ఆ తర్వాతి నెలలో అమెజాన్ సంస్థ ప్రమాణాలు పాటించని సి-టైప్ కేబుళ్ల అమ్మకాన్ని నిషేధించింది. ఇంజినీరు చేతిలోని పరికరమే పాడైందంటే, చూపుతో మంచి కేబుల్‌ను గుర్తుపట్టడం ఎంత కష్టమో తెలుస్తుంది.

వరుసగా ఇలా పరీక్షించండి

బోరు మోటారు ఆగిపోతే ఫ్యూజు, స్టార్టర్, మోటారు మూడింటినీ ఒకేసారి మార్చరు. ఒక్కొక్కటే చూస్తారు. ఇక్కడా ఒకసారికి ఒక్కటే మార్చండి.

1. ప్లగ్గు: అదే ఛార్జర్‌ను ఇంట్లో మరో ప్లగ్గులో పెట్టండి. అక్కడ సరిగా ఎక్కితే లోపం మొదటి ప్లగ్గుది. పిన్నులు వదులుగా ఉన్నా, చిటపట శబ్దం వస్తున్నా ఎలక్ట్రీషియన్‌తో ఆ ప్లగ్గు మార్పించండి.

2. ఫోన్ రంధ్రం: పొలం దుమ్ము, పత్తి నూగు, జేబులో పెట్టుకునే తంబాకు, వక్కపొడి పొడులు ఛార్జింగ్ రంధ్రంలో చేరి గట్టిపడతాయి. పిన్ను పూర్తిగా లోపలికి పోకపోయినా, కొంచెం కదిలితే ఊడిపోతున్నా మొదట దీన్నే అనుమానించాలి. ఫోన్ స్విచ్ఛాఫ్ చేసి, పొడిగా ఉన్న సన్నటి చెక్క పుల్లతో మెల్లగా బయటకు లాగండి. సూది, పిన్నీసు పెట్టవద్దు. నీళ్లు, కిరోసిన్ వాడవద్దు. నోటితో ఊదవద్దు, ఉమ్మి తడి లోపలికి పోతుంది.

3. తడి: వానలో తడిసినా, మందు పిచికారీ చేసేటప్పుడు తడి తగిలినా ఆరే వరకు ఛార్జింగ్ పెట్టవద్దు. రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని మెల్లగా తట్టి, గాలి తగిలే చోట ఉంచండి. బియ్యం డబ్బాలో పెడితే తౌడు, పొడి లోపలికి చేరి ఇంకా పాడవుతుంది.

4. కేబుల్: ఛార్జర్‌ను మార్చకుండా, ఇంట్లో బాగా పనిచేస్తున్న వేరే కేబుల్ పెట్టి చూడండి. సమస్య పోతే పాత కేబుల్‌దే లోపం. పిన్ను దగ్గర మెడ భాగాన్ని కదిపినప్పుడు ఛార్జింగ్ గుర్తు వస్తూ పోతూ ఉంటే లోపల తీగలు తెగాయన్నమాట.

5. ఛార్జర్: కేబుల్ మార్చినా తేడా లేకపోతే, మంచి కేబుల్‌నే మరో ఛార్జర్‌కు పెట్టి చూడండి.

6. ఫోన్: ఇవన్నీ మార్చినా ఎక్కకపోతే అప్పుడు ఫోన్‌నో, బ్యాటరీనో అనుమానించాలి. ముందు ఒకసారి ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేయండి. ఎండలో, ట్రాక్టర్ మీద వేడెక్కిన ఫోన్ తనను కాపాడుకోవడానికి ఛార్జింగ్ తగ్గిస్తుంది లేదా ఆపేస్తుంది. అది లోపం కాదు, నీడలో చల్లబడనిచ్చి పెట్టండి.

అరగంట పరీక్ష

ఏ కేబుల్ మంచిదో తేల్చడానికి యంత్రం అక్కరలేదు. ఫోన్ 30 శాతం దగ్గర ఉన్నప్పుడు ఛార్జింగ్ పెట్టి, తెర ఆపి, సరిగ్గా అరగంట వదిలేయండి. ఎంత శాతం పెరిగిందో రాసుకోండి. మరో రోజు అదే ఛార్జర్‌కు వేరే కేబుల్‌తో, మళ్లీ 30 శాతం దగ్గరే మొదలుపెట్టి చూడండి.

ఉదాహరణకు 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్న ఫోన్‌కు 5 వోల్టులు, 2 ఆంపియర్ల ఛార్జర్‌తో అరగంటలో సుమారు 20 శాతం ఎక్కాలి. సమాచారం తీగలు తెగిన కేబుల్‌తో అర ఆంపియరే పారితే 5 లేదా 6 శాతం మాత్రమే పెరుగుతుంది. ఆ లెక్కన పూర్తిగా నిండటానికి 8 నుంచి 10 గంటలు పడుతుంది. మధ్యలో కరెంటు పోయినా, ఫోన్ వాడినా తెల్లారేసరికి సగం కూడా ఉండకపోవచ్చు.

ఒక విషయం గమనించండి. కొన్ని కంపెనీల ఫాస్ట్ ఛార్జింగ్ ఆ కంపెనీ ఛార్జర్, ఆ కంపెనీ కేబుల్ రెండూ కలిస్తేనే పనిచేస్తుంది. వేరే మంచి కేబుల్ పెట్టినా వేగం తగ్గుతుంది. అంతమాత్రాన ఆ కేబుల్ నకిలీది కాదు.

బోరు దగ్గర ఛార్జింగ్ పెట్టేవారికి హెచ్చరిక

స్టార్టర్ డబ్బా దగ్గర ప్లగ్గు పెట్టుకుని ఫోన్ ఛార్జింగ్ చేయడం చాలా చోట్ల ఉన్న అలవాటు. మోటారుకు మూడు ఫేజుల కరెంటు వస్తుంది. ఒక ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య 230 వోల్టులు ఉంటాయి. రెండు ఫేజుల మధ్య 400 వోల్టులకు పైగా ఉంటాయి. న్యూట్రల్ వైరు తెగినా, వదులైనా ప్లగ్గులో వోల్టేజీ 230 దాటి చాలా పైకి పోవచ్చు. మీ ఛార్జర్ మీద ఇన్‌పుట్ అని రాసి ఉన్న చోట చూడండి, సాధారణంగా 100 నుంచి 240 వోల్టులు అని ఉంటుంది. దానికి మించితే ఛార్జర్ కాలిపోతుంది. నాసిరకం ఛార్జర్ అయితే తనతోపాటు ఫోన్‌నూ కాల్చేస్తుంది.

న్యూట్రల్‌కు బదులుగా ఎర్త్ రాడ్ నుంచి వైరు లాగి ప్లగ్గు నడపడం ప్రాణాంతకం. తడి నేలపై నిలబడి, తడి చేతులతో ఛార్జర్ ముట్టుకోవద్దు. పొలం దగ్గర ఛార్జింగ్ అవసరమైతే ఇంట్లో నింపుకున్న పవర్ బ్యాంకు తీసుకెళ్లడం మేలు.

ప్రాణం మీదికి వచ్చే లోపాలు

మంచి ఛార్జర్‌లో ఇంటి కరెంటు వైపు, ఫోన్ వైపు పూర్తిగా వేరుగా ఉంటాయి. నాసిరకం దానిలో ఆ రక్షణ బలహీనంగా ఉంటుంది. అది చెడిపోతే కేబుల్ చివరకు 230 వోల్టులు వచ్చే ప్రమాదం ఉంది. 2023 ఆగస్టులో కర్ణాటకలోని కార్వార్ తాలూకాలో, ప్లగ్గుకు తగిలించి ఉంచిన ఛార్జర్ కేబుల్ కొసను నోట్లో పెట్టుకున్న 8 నెలల పాప చనిపోయింది. ఫోన్ తీసేసిన తర్వాత స్విచ్ కూడా ఆపండి, ఛార్జర్‌ను ప్లగ్గు నుంచి తీసి పిల్లలకు అందకుండా పెట్టండి.

కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే వాడకం ఆపాలి:

• ఛార్జర్ లేదా పిన్ను చేత్తో పట్టుకోలేనంత వేడెక్కడం
• కాలిన వాసన, నల్లబడిన లేదా కరిగిన పిన్ను
• పై తొడుగు చిరిగి తీగలు కనిపించడం. టేపు చుట్టి వాడవద్దు, పారేయండి.
• ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్ ముట్టుకుంటే జివ్వుమనడం
• బ్యాటరీ ఉబ్బి ఫోన్ వెనుక మూత లేవడం. ఇది అన్నింటికన్నా ప్రమాదం. ఒత్తవద్దు, గుచ్చవద్దు, మళ్లీ ఛార్జింగ్ పెట్టవద్దు.

ఫోన్‌ను దిండు కింద, గడ్డివాము పక్కన, పత్తి నిల్వ చేసిన గదిలో ఛార్జింగ్ పెట్టకూడదు. ఒక్క నిప్పురవ్వ చాలు.

కొనేటప్పుడు విత్తన ప్యాకెట్ కొన్నట్టే కొనండి

లూజు విత్తనాలు కొనవద్దని, లాట్ నంబరు చూసి బిల్లు తీసుకోమని మీకు ఎప్పుడూ చెబుతుంటాం. ఛార్జర్, కేబుల్ విషయంలోనూ అదే పద్ధతి.

• అడాప్టర్ మీద బీఐఎస్ గుర్తింపు చూడండి. మొబైల్ ఫోన్లు, అడాప్టర్లు, పవర్ బ్యాంకులకు బీఐఎస్ వద్ద నమోదు తప్పనిసరి. ఐఎస్ నంబరుతో పాటు ఇంగ్లిషు 'ఆర్' అక్షరం, దాని పక్కన 8 అంకెలు ఉంటాయి.
• 'బీఐఎస్ కేర్' యాప్‌లో ఆ ఆర్ నంబరు కొట్టి చూడండి. తయారీదారు పేరు, వస్తువు వివరాలు వస్తాయి. యాప్‌లో వచ్చిన పేరు, డబ్బా మీద పేరు కలవకపోతే కొనవద్దు.
• ప్యాకెట్ మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, ఎంఆర్‌పీ ఉండాలి. ఏమీ లేకుండా రబ్బరు బ్యాండు చుట్టి అమ్మే కేబుల్ వద్దు. పెద్ద కంపెనీ పేరులో ఒక అక్షరం మారినా అనుమానించండి.
• కేబుల్ ఎన్ని ఆంపియర్లకు తగినదో చూడండి. 3 ఆంపియర్లు అని ఉన్నది, మీటరుకు మించని పొడవున్నది తీసుకోండి.
• దుకాణంలోనే మీ ఫోన్‌కు తగిలించి చూడండి. పిన్ను గట్టిగా కూర్చోవాలి, మెడ దగ్గర కదిపినా ఛార్జింగ్ ఆగకూడదు.
• బిల్లు తప్పక తీసుకోండి. కోఠిలో కొన్నా, ఊరి సంతలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా ఇదే మాట. బిల్లు ఉంటేనే వారంటీ అడగగలం. దుకాణదారు స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

ప్రయాణంలో

బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, శంషాబాద్ విమానాశ్రయం వంటి చోట్ల ఇతరుల కేబుల్ అడిగి వాడవద్దు. ఛార్జింగ్ తీగ ద్వారా ఫోన్‌లోని సమాచారం దొంగిలించే అవకాశం ఉందని రిజర్వు బ్యాంకు 2022లో విడుదల చేసిన మోసాల పుస్తకంలో హెచ్చరించింది. మీ సొంత ఛార్జర్, సొంత కేబుల్‌తో మామూలు కరెంటు ప్లగ్గులో పెట్టుకుంటే ఆ భయం ఉండదు. పిల్లలను విమానం ఎక్కించేవారు పవర్ బ్యాంకును చెక్-ఇన్ చేసే పెట్టెలో కాకుండా చేతి సంచిలోనే పెట్టమని చెప్పండి.

ఇప్పుడే చేయాల్సినవి

• ఈ వారంలో ఇంట్లోని కేబుళ్లన్నింటికీ అరగంట పరీక్ష చేయండి. మంచిదానికి రంగు దారం కట్టి గుర్తు పెట్టుకోండి, చెడ్డదాన్ని పారేయండి.
• ఇంట్లో రెండో కేబుల్ లేకపోతే రైతు వేదికకు వచ్చినప్పుడు పక్క రైతు కేబుల్‌తో పోల్చి చూడండి.
• స్లాట్ బుకింగ్, ఈ-కేవైసీ వంటి పనులున్న ముందు రోజు రాత్రే ఫోన్ నింపుకోండి. కిస్తీ గడువు, స్లాట్ తేదీ మీ ఛార్జింగ్ కోసం ఆగవు.
• పంటల విషయంలో సందేహాలుంటే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోన్ చేయండి, లేదా మీ క్లస్టర్ ఏఈఓను కలవండి.