వెనకబడినవారి వేగమే అసలు లెక్క

విశాఖపట్నం నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాక ఘాట్ రోడ్డు మొదలవుతుంది. చలికాలం వస్తే చాలు, తెల్లవారుజాము నుంచే బైకుల గుంపులు ఈ దారి పడతాయి. ఒకరిది 350 సీసీ బండి, మరొకరిది రోజూ ఆఫీసుకు వెళ్లే 100 సీసీ బండి, ఇంకొకరి వెనక సీట్లో మరో మనిషి. నడిపే తీరూ అంతే. ఒకరికి మలుపుల్లో దూసుకుపోవడం సరదా, మరొకరికి నిదానమే ప్రధానం. బయలుదేరేటప్పుడు మాత్రం అందరూ 'కలిసే వెళ్దాం' అనుకుంటారు. చాలాసార్లు ప్రమాదం ఆ మాటలోనే పొంచి ఉంటుంది.

2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1.68 లక్షల మందికి పైగా మరణించారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కలు చెబుతున్నాయి. వారిలో దాదాపు 44 శాతం మంది ద్విచక్ర వాహనాలపై వెళ్తున్నవారే. అందుకే బృందంగా వెళ్లేవారు ఈ ప్రయాణం వెనక ఉన్న భౌతికశాస్త్రాన్ని కొంచెమైనా తెలుసుకోవాలి.

అందుకోవాలనే ఆత్రం

ముందు బండి గంటకు 60 కి.మీ. వేగంతో పోతోందనుకుందాం. లారీ వెనక చిక్కుకున్న చివరి బండి ఒక కిలోమీటరు వెనకబడింది. అందుకోవాలని ఆ వ్యక్తి వేగం 80కి పెంచాడు. రెండు బండ్ల వేగాల మధ్య తేడా 20 కి.మీ. మాత్రమే కాబట్టి ఆ కిలోమీటరు పూడటానికి 3 నిమిషాలు పడుతుంది. అంటే తనకు అలవాటు లేని వేగంతో 4 కి.మీ. నడపాలి. అదే ముందువారు రోడ్డు పక్కన సురక్షితమైన చోట ఆగితే, అతడు 60లోనే వచ్చి ఒక్క నిమిషంలో కలుస్తాడు.

వరుసలో వెనక ఉన్నవారికే ఈ ఇబ్బంది ఎక్కువ. జపాన్ శాస్త్రవేత్తలు 2008లో ప్రచురించిన ఒక ప్రయోగం ఇందుకు మంచి ఉదాహరణ. 230 మీటర్ల వలయాకార బాటలో 22 కార్లను ఒకే వేగంతో నడపమన్నారు. దారిలో అడ్డంకి ఏదీ లేదు. అయినా వేగాల్లోని చిన్న తేడాలు ఒకరి నుంచి ఒకరికి పెరుగుతూ పోయి, కాసేపటికి కొన్ని కార్లు పూర్తిగా ఆగిపోయాయి. ఆ రద్దీ అలలా వెనక్కి పాకింది. బైకుల వరుసలోనూ అంతే. మొదటివారు కాస్త నెమ్మదిస్తే చివరివారు గట్టిగా బ్రేకు వేయాల్సి రావచ్చు.

వెలగని బ్రేకు లైటు

అనుభవం ఉన్నవారు చాలాసార్లు బ్రేకు తొక్కరు. యాక్సిలరేటర్ వదిలి, గేరు తగ్గించి ఇంజిన్‌తోనే వేగం అదుపు చేస్తారు. అప్పుడు వెనక ఎర్ర లైటు వెలగదు. దాని కోసమే చూస్తూ వచ్చేవారికి విషయం ఆలస్యంగా తెలుస్తుంది. 60 కి.మీ. వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. తేరుకోవడానికి ఒక సెకను పట్టిందనుకుంటే, పొడి రోడ్డుపై గట్టిగా బ్రేకు వేసినా ఆగేసరికి మొత్తం 40 మీటర్లు దాటిపోతాయి. 80లో అది 63 మీటర్లకు చేరుతుంది.

మలుపులో ఒరిగే కోణం

30 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపును 40 కి.మీ. వేగంతో తిరగాలంటే బండి సుమారు 23 డిగ్రీలు ఒరగాలి. అదే మలుపులో 60కి వెళ్తే 43 డిగ్రీలు ఒరగాలి. వేగం ఒకటిన్నర రెట్లయితే టైరుకు, రోడ్డుకు మధ్య కావలసిన పట్టు రెండుంపావు రెట్లవుతుంది. చాలా మామూలు బైకులకు ఆ కోణం రాకముందే ఫుట్‌రెస్ట్ నేలను రాస్తుంది. ఇసుక, మంచు తడి ఉంటే పట్టు ఇంకా ముందే పోతుంది. ముందున్న స్నేహితుడి బండి తిరిగింది కాబట్టి వెనక బండీ తిరుగుతుందన్న భరోసా లేదు.

కలిసి వెళ్లడమంటే

దారి తెలిసినవారు ముందు, నెమ్మదిగా నడిపేవారు వారి వెనకే, బాగా అనుభవం ఉన్నవారు చివర ఉండటం మంచి పద్ధతి. తిన్నటి రోడ్డుపై ఒకరు కుడివైపు, తరువాతివారు ఎడమవైపు ఉంటే ముందు చూపు, ఖాళీ రెండూ దొరుకుతాయి. మలుపుల్లో మాత్రం ఒకరి వెనక ఒకరు, కనీసం 2 సెకన్ల ఎడంతో సాగాలి. పొగమంచులో ఆ ఎడం ఇంకా పెరగాలి. ఆగే చోట్లు బయలుదేరే ముందే చెప్పుకోవాలి. దారి చీలిన ప్రతిచోటా వెనకవారు కనిపించేవరకు ఆగితే, ఎవరూ ఎవరినీ తరమాల్సిన అవసరం రాదు.

40 కి.మీ. ఘాట్ రోడ్డును 50 కి.మీ. వేగంతో ఎక్కేవారికి 48 నిమిషాలు, 40తో ఎక్కేవారికి గంట పడుతుంది. తేడా 12 నిమిషాలు. అనంతగిరిలో ఒక కాఫీ తాగేంత సమయం. ముందు చేరినవారు ఆ కాస్సేపు ఆగితే, వెనకవారు తమ వేగంతోనే క్షేమంగా వచ్చి కలుస్తారు.